నాన్నగారి పాత మార్క్ 3 రివాల్వర్ ఉంచుకోవాలా, కొత్త నిర్భీక్ గానీ ప్రబల్ గానీ కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: జమ్మలమడుగులో ఉన్న మీ నాన్నగారికి డెబ్బై దాటాయి, ఆయన లైసెన్సు మీద కాన్పూరులో తయారైన .32 మార్క్ 3 రివాల్వర్ ఉంది, దాన్ని మీ పేరుకు మార్పించుకోవాలా లేక అమ్మేసి నిర్భీక్, ప్రబల్ అనే కొత్తరకం .32 రివాల్వర్లలో ఒకటి కొనుక్కోవాలా అన్నది మీ సందేహం. నేను కడపలో పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతులు చూసేవాడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా జనం స్టేషన్లలో డిపాజిట్ చేసిన ఆయుధాల్లో చాలా వరకు మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌కే, అంటే ఆయుధాలు భద్రపరిచే గదికే, చేరేవి కనుక, ఈ మూడు రకాలనూ విప్పి, తుడిచి, రేంజ్‌లో కాల్చి చూసిన అనుభవంతో చెబుతున్నాను. పాతది గట్టిగా ఉంటే అమ్మవద్దు. గట్టిగా ఉందో లేదో ఎలా చూడాలో కింద రాశాను.

ముందుగా ఈ మూడింటిలో మారనిది ఏమిటో తెలుసుకుంటే సగం గందరగోళం తీరుతుంది. మూడింటిలోనూ పట్టేది అదే .32 రివాల్వర్ తూటా, అంటే 7.65×23 మిల్లీమీటర్లది. మూడింటికీ తూటాలు పట్టే గదులు ఆరే, గొట్టం పొడవు కూడా మూడు అంగుళాల దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి గొట్టం నుంచి బయటికి వచ్చే గుండు దెబ్బలో తేడా వెతకడం దండగ. తేడా అంతా తుపాకీ తెరుచుకునే పద్ధతిలో, బరువులో, ట్రిగ్గర్‌లో ఉంది.

మార్క్ 3 అనేది బ్రిటిష్ వారి వెబ్లీ అండ్ స్కాట్ మార్క్ 4 నమూనా మీద రూపొందిన మడత రివాల్వర్. హామర్ (తూటాను కొట్టే సుత్తి) పక్కన ఎడమవైపు ఉండే మీటను బొటనవేలితో నొక్కితే గొట్టం, సిలిండర్ (ఆ ఆరు గదులుండే తిరిగే భాగం) కలిసి ముందుకు వాలుతాయి. వాలుతుండగానే మధ్యలోని నక్షత్రం లాంటి ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి ఆరు ఖాళీ కేసులనూ, అంటే పేలిన తూటాల డొల్లలనూ, ఒకేసారి బయటికి తోస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దీన్ని నెమ్మదిగా, సందేహిస్తున్నట్టు తెరిస్తే ఒక కేసు జారి ఎక్స్‌ట్రాక్టర్ కిందికి దూరుతుంది, అప్పుడిక సిలిండర్ పూర్తిగా మూతపడదు, గోటితో ఆ కేసును పీక్కోవాల్సి వస్తుంది. గొట్టం మూతిని పైకెత్తి, ఒక్క ఊపులో చివరిదాకా తెరవడమే దీనికి పద్ధతి. మూసేటప్పుడు మాత్రం ఆ ఊపు పనికిరాదు. మణికట్టు విదిలించి ఠప్పున మూసే అలవాటు మా వైపు పెద్దమనుషుల్లో చాలామందికి ఉంది. అలా ఏళ్ల తరబడి మూసిన రివాల్వర్లలో లాచ్ (మూసిన గొట్టాన్ని పట్టి ఉంచే గొళ్లెం) అంచులు అరిగి, కీలు పిన్ను దగ్గర వదులు ఏర్పడి, గొట్టం పట్టుకుని కదిలిస్తే లోటాలో చెంచా కదిలినట్టు చప్పుడు వినిపించేది.

నిర్భీక్ 2014 జనవరిలో వచ్చింది. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరం తరువాత నిర్భయ పేరును తలపించేలా పేరు పెట్టి, మహిళల కోసం అని చెప్పి విడుదల చేశారు. అప్పట్లో దాని ధర 1,22,360 రూపాయలు. ఆ ధర పెట్టగలిగే మహిళలు ఎందరు ఉంటారని అప్పుడే చాలామంది అడిగారు, ఆ మాటలో న్యాయముంది. యంత్రం విషయానికొస్తే ఇది కూడా మడత రివాల్వరే, పాతదానికి తోబుట్టువే. టైటానియం మిశ్రమలోహం వాడటం వల్ల బరువు 500 గ్రాములకు దిగింది, పాతదేమో 700 గ్రాములకు పైమాటే. నడుముకు కట్టుకుని రోజంతా తోటల్లో తిరిగేవారికి ఆ తేడా సాయంత్రానికి బాగా తెలుస్తుంది. అయితే తూటా అదే అయినప్పుడు బరువు తగ్గితే వెనక్కి తన్నడం పెరుగుతుంది. .32 తూటా మెత్తనిదే కనుక చేయి నొప్పి పెట్టేంత కాదు, కానీ మొదటి గుండు పేలాక మూతి పైకి లేచి మళ్లీ గురి మీదికి రావడానికి పట్టే సమయం నిర్భీక్‌లో ఎక్కువ. కొత్తగా లైసెన్సు తీసుకునేవారికి రేంజ్‌లో శిక్షణ ఇచ్చేటప్పుడు, పాతదానితో రెండో గుండు గురి అట్టకు తగిలించినవారే నిర్భీక్‌తో దాన్ని అట్ట పైనుంచి మట్టిదిబ్బలోకి పంపడం చూశాను.

ప్రబల్ దారి వేరు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలను నడిపిన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరులో ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడగొట్టినప్పుడు కాన్పూరు కేంద్రంగా ఏర్పడిన సంస్థ దీన్ని 2023 ఆగస్టు 18న విడుదల చేసింది. ఇందులో గొట్టం వాలదు, సిలిండర్ ఒక్కటే పక్కకు వస్తుంది. ఫ్రేము (అన్నిటినీ మోసే ఒంటి భాగం) ఒకే దిమ్మ కావడం వల్ల గొట్టం వాలడానికి ఉండే కీలు, దాన్ని పట్టి ఉంచే లాచ్ అనేవే లేవు, అంటే మడత రివాల్వర్‌లో ముందుగా అరిగే రెండు చోట్లు ఇందులో లేనట్టే. ఖాళీ కేసులు వాటంతటవి ఎగిరిపడవు, ముందున్న కడ్డీని అరచేతితో నొక్కాలి. పాతదానికి అలవాటుపడిన చేతికి ఇది కొన్నాళ్లు తికమకగా ఉంటుంది. తూటాలు లేకుండా బరువు 675 గ్రాములు, మొత్తం పొడవు 177.6 మిల్లీమీటర్లు. నేను కాల్చి చూసినవి కొద్దివే అయినా, వాటిలో ట్రిగ్గర్ మార్క్ 3 కంటే స్పష్టంగా తేలికగా, మధ్యలో పట్టుకోకుండా వచ్చింది, నా దృష్టిలో అసలైన మెరుగుదల అదే.

దీని ప్రచారంలో 50 మీటర్ల దూరం గురించి ఎక్కువగా చెబుతారు. గుండు అంత దూరం పోతుంది, నిజమే, పోవడం వేరు తగలడం వేరు. ఇంత పొట్టి రివాల్వర్‌లో గురి చూసే ముందు గుర్తుకీ వెనక గుర్తుకీ మధ్య దూరం 11 సెంటీమీటర్లు అనుకుందాం. గురి పట్టడంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే 10 మీటర్ల దగ్గర గుండు 9 సెంటీమీటర్లు పక్కకు పోతుంది, 50 మీటర్ల దగ్గర 45 సెంటీమీటర్లు పోతుంది, అంటే మనిషి ఛాతీ వెడల్పంత. ఆత్మరక్షణ కోసమని లైసెన్సు తీసుకున్నవారికి 50 మీటర్ల ముచ్చటతో పని కూడా లేదు, అంత దూరంలో ఉన్నవాడి నుంచి తప్పుకుని పోయే వీలే ఎక్కువ.

మన ఎండల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో నడుము దగ్గర చెమటకు ఉక్కు తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు, ఈ విషయంలో నిర్భీక్ ఫ్రేముదే పైచేయి. అంతకంటే ఎక్కువ హాని చేసేది తోలు ఒర. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. అంతకాలం ఒరతో సహా డిపాజిట్ చేసిన రివాల్వర్‌ను అలాగే వదిలేస్తే తోలులోని తేమ, ఉప్పు కలిసి సిలిండర్ మీద ఒర కుట్లు సైతం అచ్చుపడేలా మచ్చలు వేస్తాయి. మైదుకూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన మార్క్ 3ని ఒరతోనే బల్ల మీద పెట్టి, "పదేండ్లాయ సామీ, దీన్ని బయటికి తీసిందే లేదు" అని గర్వంగా చెప్పాడు. తీసి చూస్తే ఒరను తాకిన వైపంతా గరుకు, తాకని చోట కొత్తదానిలా మెరుపు. డిపాజిట్ చేసే ముందు పుల్‌త్రూతో (గుడ్డముక్క కట్టి గొట్టంలోంచి లాగే తాడుతో) గొట్టం శుభ్రం చేసి, నూనె పలచగా పూసి, ఒర విడిగా ఇవ్వండి.

ఇక మీ నాన్నగారి రివాల్వర్‌ను పరీక్షించే విధానం. ముందు తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకోండి, తూటాల డబ్బా పక్క గదిలో ఉంచండి. మూసి, ఒక చేత్తో పిడి, మరో చేత్తో గొట్టం పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ కదిలించండి. చప్పుడు గానీ కదలిక గానీ ఉండకూడదు. తరువాత హామర్‌ను బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగుతూ, సిలిండర్ ప్రతి గది దగ్గరా టక్కున ఆగి నిలబడుతోందో లేదో ఆరుసార్లూ చూడండి. ఐదు చోట్ల ఆగి ఒక చోట తేలిపోతున్నా సరే, గది గొట్టానికి సూటిగా లేనప్పుడు గుండు అంచు చెక్కుకుపోయి పక్కకు చిమ్ముతుంది, అలాంటిదాన్ని కాల్చకూడదు. చివరగా కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు చూడండి. సన్నని గీతలా, పైనుంచి కిందికి ఒకే మందంలో ఉండాలి. పైన వెడల్పుగా, కింద సన్నగా కనబడితే కీలు, లాచ్ అరిగినట్టే. సొంతంగా రిపేరుకు పూనుకోకుండా లైసెన్సు ఉన్న డీలరు దగ్గరికే తీసుకెళ్లండి.

ఈ పరీక్షలో నెగ్గితే మార్పించుకోండి. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన దగ్గర ఇరవై ఐదేళ్లు ఉన్నా, ఆయన బతికి ఉండగానే వారసుడి పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత ఒకరికి రెండు ఆయుధాల వరకు అనుమతి ఉంది కాబట్టి, కలెక్టరు అనుమతిస్తే తరువాత ఇంకొకటి చేర్చుకునే దారి కూడా మూసుకుపోదు. నెగ్గకపోతే, రోజూ ఒంటి మీద మోయాల్సిన పని ఉంటే నిర్భీక్, ఇంట్లో గానీ వాహనంలో గానీ ఉంచుకునేదైతే ప్రబల్ తీసుకోండి; మీరు గుమాస్తాలను పెట్టుకుని వ్యాపారం చేస్తున్నానని రాశారు కనుక రోజంతా ఒంటి మీద మోయాల్సిన పని తక్కువే, నన్నడిగితే ప్రబల్ వైపే మొగ్గుతాను.

మిగిలిన పాత తూటాలు ఈ మూడింటిలో దేనికైనా పనికొస్తాయి. కొత్తవి కొనేటప్పుడు మాత్రం రివాల్వర్‌వి అని విడిగా చెప్పి, డబ్బా మీద 7.65×23 అని ఉందో లేదో చూసుకోండి, పిస్టల్ తూటాను కూడా జనం ముప్పై రెండు అనే పిలుస్తారు, అది 7.65×17. పొట్టిగా, వెనుక అంచు సన్నగా ఉండే ఆ తూటా మీ రివాల్వర్‌కు చెందినది కాదు, గదిలో దూరినట్టు కనిపించినా సరే పెట్టి కాల్చకండి.