అరికాలిలో నల్ల మచ్చ పెరుగుతోంది.. నొప్పి లేకపోయినా చూపించాలా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. రెండేళ్ల కిందట ఎడమ మడమ కింద నల్ల మచ్చ వచ్చింది. ఆరు నెలలుగా పెరుగుతోంది, ఒక వైపు రంగు ముదిరింది. నొప్పి లేదు. ఆనె అనుకుని కార్న్ ప్లాస్టర్ వేస్తున్నాం. కత్తి పెడితే పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మగారిని ఈ వారంలోనే చర్మవ్యాధి నిపుణులకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. అది మన దేశంలో అరుదే. కానీ మనవాళ్లకు వచ్చినప్పుడు ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కిందే కనిపిస్తుంది. అరికాలిని రోజూ ఎవరు చూసుకుంటారు చెప్పండి? అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారు.

చిన్నప్పటి నుంచీ ఒకే రంగులో, ఒకే సైజులో ఉన్న పుట్టుమచ్చ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆకారం వంకరగా మారినా, అంచులు చెదిరినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపించినా, 6 మిల్లీమీటర్లు దాటి పెరుగుతున్నా, దురద, రక్తం, మానని పుండు ఉన్నా చూపించాలి. ఒకే గోరులో కొత్తగా నల్ల గీత వచ్చి వెడల్పవుతుంటే కూడా అంతే.

కత్తి పెడితే పాకుతుందన్నది అపోహ. ఈ భయంతోనే విలువైన నెలలు పోతాయి. ముందు డెర్మోస్కోప్‌తో మచ్చను పెద్దది చేసి చూస్తారు, నొప్పి ఉండదు. అనుమానం ఉంటే మత్తు సూది ఇచ్చి మచ్చను మొత్తంగానో, పెద్దదైతే కొంత ముక్కో తీసి బయాప్సీకి పంపుతారు. మెలనోమా అయినా, లోతు 1 మిల్లీమీటరు లోపు ఉండగా తీసేస్తే ఎక్కువమందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

కార్న్ ప్లాస్టర్ ఈరోజే ఆపేయండి. అందులోని యాసిడ్ చర్మాన్ని ఒలిచేస్తుంది, షుగర్ ఉన్నవారికి పుండు పడొచ్చు. సున్నం, సోడా పెట్టి కాల్చడం, పార్లర్‌లో లేజర్ చేయించడం అసలే వద్దు. మచ్చ కాలిపోతే పరీక్షకు ఏమీ మిగలదు.

ఇది నడకలో ఒత్తిడికి గడ్డకట్టిన రక్తమూ కావచ్చు. అయితే అది కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, ఇలా నెలల తరబడి పెరగదు. పక్కన స్కేలు పెట్టి మచ్చను ఫొటో తీయండి. ప్లాస్టర్ వాడిన సంగతి డాక్టరుకు చెప్పండి. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే అదీ ముందే చెప్పండి, వాటిని మీ అంతట మీరు ఆపకండి.