రచయితల సందేహాలు: న్యూజెర్సీ మేయర్‌ని కథలో పెడుతున్నారా?

ప్రశ్న: సీరియల్ రాస్తున్నాను. తెనాలి నుంచి వెళ్లిన కుటుంబంలోని అబ్బాయి న్యూజెర్సీలో ఓ ఊరికి మేయర్ అవుతాడు. అక్కడ పుట్టనివాడికి ఆ పదవి దక్కుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: దక్కుతుందండీ. పుట్టుకతోనే అమెరికా పౌరుడై ఉండాలన్న నియమం అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల 2000లో అక్కడి ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ అనే పురపాలికకి మేయర్‌గా చేశారు, తర్వాత రాష్ట్ర అసెంబ్లీకీ వెళ్లారు.

మీరు తప్పటడుగు వేసేది వయసుల లెక్కలో. గ్రీన్‌కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లకు గానీ పౌరసత్వానికి అర్హత రాదు. తల్లో తండ్రో పౌరులయ్యేనాటికి పిల్లవాడికి 18 నిండకుండా, గ్రీన్‌కార్డుతో వాళ్ల దగ్గరే ఉంటే వాడికీ పౌరసత్వం దానంతటదే వస్తుంది. నిండితే సొంతంగా దరఖాస్తు పెట్టుకోవాలి. గ్రీన్‌కార్డు రాకుండానే 21 దాటితే తండ్రి హెచ్1బీ నీడన ఉండటం కుదరదు, వేరే వీసా చూసుకోవాలి. అమెరికా పౌరుడైతే భారత పౌరసత్వం పోయినట్టే. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా ఇక్కడ ఓటుండదు కాబట్టి, తెనాలి వచ్చి ఓటేసే సీను రాసుంటే కొట్టేయండి.

ప్రశ్న: నా నవలలో మేయర్ ఒక్క ఫోన్‌తో పోలీస్ చీఫ్‌ని పీకేస్తాడు. గుడి కట్టుకోవడానికి అక్కడికక్కడే సంతకం పెడతాడు. నమ్ముతారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అక్కడివాళ్లు నమ్మరు. ముందు మీ ఊరు ఏ పద్ధతిదో తేల్చుకోండి. న్యూజెర్సీ ఒక్క రాష్ట్రంలోనే 564 పురపాలికలున్నాయి. టౌన్‌షిప్ కమిటీ ఉన్నచోట ముగ్గురో ఐదుగురో సభ్యులుంటారు, ఏటా జనవరిలో తమలో ఒకరిని మేయర్‌ని చేసుకుంటారు. మేనేజర్ పద్ధతిలో రోజువారీ పాలనంతా మేనేజర్‌దే, మన కార్పొరేషన్ కమిషనర్‌లాగా. మేయర్‌–కౌన్సిల్ పద్ధతిలోనే జనం నేరుగా నాలుగేళ్లకు ఎన్నుకున్న బలమైన మేయర్ దొరుకుతాడు. అతను కూడా చీఫ్‌ని ఊరికే తీసేయలేడు. సరైన కారణం చూపి, ఆరోపణలు రాతపూర్వకంగా ఇచ్చి, విచారణ జరపాలి.

ఇక గుడి సంగతి. అసలు కథ ఇక్కడుంది. ఊళ్లో ఏ భాగంలో ఏం కట్టొచ్చో జోన్లుగా విడదీసి ఉంటుంది. ఆ జోన్‌లో గుడికి అనుమతి లేదనుకోండి, మినహాయింపు కోసం జోనింగ్ బోర్డుకు వెళ్లాలి. 200 అడుగుల లోపు ఆస్తులున్న వాళ్లందరికీ విచారణకు పది రోజుల ముందే నోటీసు అందాలి. బోర్డులో ఏడుగురుంటే ఐదుగురు ఔనాలి. నలుగురు ఔనని ముగ్గురు కాదంటే మెజారిటీ ఉన్నా ఓడినట్టే! గుడి వద్దని ఎవరూ మైకులో అనరు. ట్రాఫిక్ అంటారు, పార్కింగ్ అంటారు, వాననీళ్లు మా పెరట్లోకొస్తాయంటారు. గుడివాళ్ల ట్రాఫిక్ ఇంజనీరు ప్రమాణం చేసి సాక్ష్యమిస్తే, ఎదుటి లాయరు శివరాత్రికి ఎన్ని కార్లొస్తాయో గుచ్చిగుచ్చి అడుగుతాడు. ఇలా నెలలు సాగొచ్చు. ఓడితే మతసంస్థల స్థలాలకు రక్షణనిచ్చే 2000 నాటి కేంద్ర చట్టం కింద ఫెడరల్ కోర్టుకెక్కొచ్చు. ఈ ఓటింగులో మేయర్‌కి చోటే లేదు. పైగా గుడి ట్రస్టీ కూడా అతనే అయితే ఆ వ్యవహారంలో వేలు పెట్టకూడదు. మీ హీరోని సంతకం పెట్టించేకన్నా, చేతులు కట్టుకుని బయట కూర్చోబెడితే సీను పండుతుంది.

ప్రశ్న: అసలు ఇలాంటి హీరోని రాజకీయాల్లోకి ఎలా దించాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: జీతం లేని స్కూల్ బోర్డు నుంచో, పార్టీ కౌంటీ కమిటీ నుంచో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది). చిన్న ఊళ్లలో మేయర్‌గిరీ సాయంత్రాల పనే, పగటి ఉద్యోగం మానిపించకండి. పార్టీ గుర్తులతో పోటీపడే ఊరైతే జూన్‌లో పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ, నవంబరులో అసలు ఎన్నిక. కథాకాలం మాత్రం చూసుకోండి. 2024 మార్చిలో ఫెడరల్ కోర్టు అడ్డుపడేదాకా చాలా కౌంటీల్లో పార్టీ మెచ్చినవాళ్ల పేర్లన్నీ బ్యాలెట్‌లో ఒకే వరసలో ఉండేవి, మిగతావాళ్లు ఏ మూలో పడేవాళ్లు. దాన్ని ‘లైన్’ అంటారు. 2015 కథైతే మీ హీరో ముందు కౌంటీ పార్టీ అధ్యక్షుడి గడప తొక్కాల్సిందే.