ఇంజిన్ తెరిచే ముందు

ఆడిన ప్రతి చదరంగం ఆటనూ వెంటనే ఇంజిన్‌తో (ఎత్తుల మంచిచెడ్డలు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాంతో) సరిచూసుకుంటున్నా అవే తప్పులు మళ్ళీ దొర్లుతున్నాయని, ఏం చేయాలని మీరు అడిగారు. రెండేళ్ళ పాటు నేనూ అచ్చం ఆ పనే చేశాను. ఆట ముగియగానే స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ తెరిచి, తప్పులని ఎర్రగా చూపిన ఎత్తుల దగ్గర "అయ్యో, ఇది చూడలేదే" అనుకొని, మరో ఆటకు కూర్చునేవాణ్ణి. అది సమీక్ష కాదని ఒక డ్రా వల్ల తెలిసివచ్చింది.

ఒక వారాంతపు టోర్నమెంటులో నాకు రాజు, ఒక బంటు మిగిలాయి. ఎదుటి ఆయనకు రాజు ఒక్కటే. నా రాజు డి4 గడిలో, బంటు ఈ2లో, ఆయన రాజు డి6లో (అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డు వరుసది) ఉండగా ఎత్తు నాది. బంటు ఎంత త్వరగా నడిస్తే అంత మేలనుకొని రెండు గళ్ళు జరిపి ఈ4 ఆడాను. ఆయన రాజును ఈ6కు తెచ్చేసరికి గెలుపు చేజారింది. ఒక్క గడి మాత్రమే జరిపి ఈ3 ఆడి ఉంటే, రాజులు ఎదురెదురుగా ఉండగా ఎత్తు ఆయనది అయ్యేది. ఆయన ఎటు తప్పుకున్నా నా రాజు బంటు కంటే ముందు నడిచి దారి చేసేది.

ఈ3 సరైనదని ఇంజిన్ క్షణంలో చెప్పింది కాని, నేను ఈ4 ఎందుకు ఆడానో అది చెప్పలేదు. చెప్పింది ఆడుతూ ఎత్తులు రాసుకునే స్కోర్ షీటు. ప్రతి ఎత్తు పక్కనా గడియారంలో మిగిలిన సమయం రాసుకోవడం నాకు అలవాటు (నియమాలు దీన్ని అనుమతిస్తాయి). చేతిలో 11 నిమిషాలు ఉండగా ఆ ఎత్తుకు నేను వెచ్చించింది 10 సెకన్లు. పాత షీట్లు తిరగేస్తే ఇంకో నాలుగు ఆటల్లోనూ గెలుపు కనిపించగానే ఇదే తొందర బయటపడింది. నాకు తెలియనిది ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలే చివరి దశ) ఒక్కటే అనుకొని అంతకాలం పుస్తకాలు కొన్నాను!

ఇప్పుడు ఆట అయిన రోజు సాయంత్రం ఇంజిన్ జోలికి పోకుండా బోర్డు మీద ఎత్తులన్నీ వేసుకొని, ఎక్కడ ఏమనుకున్నానో, దేనికి భయపడ్డానో, ఎదుటివారి ఏ ఎత్తును లెక్కలోకే తీసుకోలేదో నోటుపుస్తకంలో రాస్తాను. ప్రత్యర్థి ఒప్పుకుంటే హాలు బయట పది నిమిషాలు కలిసి చూడటం ఇంకా మంచిది, ఎందుకంటే ఆయన భయపడిన ఎత్తు చాలాసార్లు మనకు తట్టనే తట్టదు. ఇంజిన్‌ను మర్నాడు తెరిచి, నా రాతలను దానితో పోల్చుకుంటాను. ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ బాట్విన్నిక్ ఆటగాళ్ళను తమ ఆటలకు వ్యాఖ్యలు రాసి అచ్చువేయమనేవారు. పదిమంది తప్పుపడతారన్న జంకు ఉంటే మనను మనం వెనకేసుకురావడం తగ్గుతుంది. నేను అంత దూరం పోలేదు, నా నోటుపుస్తకాన్ని ఒక స్నేహితుడికి మాత్రం చూపిస్తాను.

కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలకు ఇంత శ్రమ అక్కరలేదు. నిదానంగా ఆడినవి, ముఖ్యంగా గెలిచినవి, తప్పక చూడండి. నా తొందర ఎక్కువగా దాక్కున్నది వాటిలోనే.