హనామికి వస్తున్న మీ అయిదుగురికీ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ప్రయాణ పట్టిక చూశాను. మార్చి నెలాఖరున దిగి ఏప్రిల్ మొదటి వారం దాటాక వెళ్లిపోయే ఆ పది రోజుల్లో టోక్యో, ఫూజీ, క్యోటో, నారా, ఒసాకా, హిరోషిమా అన్నిటినీ ఇరికించావు. పొద్దున ఆరున్నరకు ఒక పార్కు, పదింటికి ఇంకొకటి, మధ్యాహ్నం నది గట్టు, రాత్రి దీపాల వెలుగులో పూలు. తీరిగ్గా భోజనం చేయడానికి ఎక్కడా గంట వ్యవధి లేదు. ఈ లెక్కన మీకు గుర్తుండేవి రైల్వే స్టేషన్లే. ఫోనులో చెబితే నీ ఒక్కదానికే చేరుతుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మిగతా నలుగురికీ చదివి వినిపించు.

ఇక్కడ జపానులో వాళ్లు చెర్రీ పూల కాలంలో చేసే పని చాలా సులువైనది. ఒక చెట్టు చూసుకుంటారు, కింద షీటు పరుస్తారు, తిండి మధ్యలో పెట్టుకుంటారు, సగం పూట కబుర్లాడుకుంటారు. మధ్యమధ్య ఎవరో తలెత్తి పైకి చూస్తారు. హనామి అంటే ఇంతే. ఇది నిన్న మొన్న మొదలైన సరదా కూడా కాదు. 18వ శతాబ్దంలో షోగన్, అంటే అప్పటి సైనిక పాలకుడు, తోకుగావా యోషిమునె ఊరి జనం వచ్చి కూర్చోవడానికని టోక్యోలోని అసుకయామా గుట్ట మీద చెర్రీ చెట్లు నాటించాడు. ఆ గుట్ట ఇప్పటికీ పార్కుగా ఉంది, కింది నుంచి ట్రాము పోతుంది. నా మాట వింటే రోజుకు ఒకే చోటు పెట్టుకోండి. నడవడం గంట, కూర్చోవడం మూడు గంటలు.

తేదీల సంగతి చెబుతాను. టోక్యోలో పూలు విచ్చాయని ప్రకటించేది వాతావరణ సంస్థ. యసుకుని ఆలయ ఆవరణలో సోమెయి-యోషినో అనే రకం చెర్రీ చెట్టు ఒకటి ఉంది, దాన్నే చూసి నిర్ణయిస్తారు. ఆ రోజుల్లో సూటు వేసుకున్న అధికారి ఒకరు వచ్చి చెట్టు కింద నిలబడతారు. చుట్టూ టీవీ కెమెరాలు. ఆయన మెడ వెనక్కి వాల్చి కొమ్మకొమ్మనూ పరికిస్తూ విచ్చిన పూలు లెక్కపెడతారు. అయిదారు కనబడితే వసంతం వచ్చినట్టు. తక్కువైతే మళ్లీ రావలసిందే. నేను వంట పక్కన పెట్టి మరీ ఆ ప్రసారం చూస్తాను, మీ పెదనాన్న నవ్వుతారు. ఆ ప్రకటన సాధారణంగా మార్చి చివరి పది రోజుల్లో వస్తుంది. అక్కడి నుంచి దాదాపు వారానికి చెట్టు నిండుతుంది, ఇంకో వారానికి రాలిపోతుంది. ఈ రకం చెట్లన్నీ అంటు కట్టి పెంచిన ఒకే చెట్టు సంతానం. అందుకే ఊరంతా ఒకేసారి పూస్తుంది, ఒకేసారి ఖాళీ అవుతుంది.

మీ తేదీలు మంచివే. కానీ ఏ ఏడాది పూత ఎటు జరుగుతుందో జనవరిలో టికెట్టు కొన్నప్పుడు ఎవరికీ తెలియదు. అందుకని రద్దు చేసుకోవడానికి వీలున్న గదులే తీసుకోండి. టోక్యో ముందా, క్యోటో ముందా అన్నది బయలుదేరే వారంలో తేల్చుకోండి. మీరు దిగేసరికే పూలు రాలిపోతున్నా దిగులు పడొద్దు. గాలికి రేకులు జల్లుగా కురిసే రోజునే చూడాలనుకునేవాళ్లు ఇక్కడ చాలామంది, నేనూ అందులో ఒకదాన్ని. పైగా ఆలస్యంగా పూసే రకాలున్నాయి. షిన్‌జుకు గ్యోయెన్ తోటలో ముద్దపూల చెర్రీలు ఏప్రిల్ రెండో సగం దాకా ఉంటాయి. క్యోటో నిన్నాజి ఆలయంలో మనిషి ఎత్తు చెట్లు ఊరిలో మిగతావన్నీ అయిపోతున్నప్పుడు మొదలుపెడతాయి.

హిరోషిమాను పట్టికలోంచి తీసెయ్యి. దూరం ఒక కారణం. అంతకన్నా, అక్కడి శాంతి స్మారక మ్యూజియం రెండు విహారాల నడుమ చూసి వచ్చే చోటు కాదు. మరోసారి వచ్చినప్పుడు దానికోసమే వెళ్లండి. మిగిలిన రోజును నారా జిల్లాలోని యోషినో కొండకు ఇవ్వవచ్చు. అక్కడ 30,000 చెట్లంటారు, పూత కొండ కింద మొదలై రోజురోజుకూ పైకెక్కుతుంది. కింది చెట్లు రాలుతుంటే పైవి మొగ్గ మీద ఉంటాయి. క్యోటో నుంచి రానూపోనూ రోజంతా పడుతుంది, కాబట్టి మిగతావన్నీ బాగుంటేనే వెళ్లండి.

టోక్యోలో నడిచి చూసే చోట్లూ కూర్చునే చోట్లూ వేరు. మెగురో నది గట్టు, కోట కందకం పక్కనున్న చిదోరిగాఫుచి దారి నడవడానికే. ఎండెక్కితే రెండూ కిక్కిరిసిపోతాయి, తెల్లవారుతూనే వెళ్లండి. ఉయెనో పార్కు పూల కాలపు ఆదివారం మన సంక్రాంతి ముందు బస్టాండులా ఉంటుంది. ఆ సందడి కూడా ఒకసారి చూడదగ్గదే, ఒక చివరి నుంచి రెండో చివరికి నడిచి బయటపడండి. కూర్చోవడానికి షిన్‌జుకు గ్యోయెన్ బాగుంటుంది. పెద్దలకు ప్రవేశ రుసుము 500 యెన్‌లు, మద్యం తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర సంచులు చూస్తారు. పూల వారాంతాల్లో కొన్ని రోజులకు ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మీలో తాగేవాళ్లుంటే, ఉన్నారని నాకు తెలుసులే, యోయోగి పార్కుకు వెళ్లండి. అక్కడ అభ్యంతరం లేదు. కాకపోతే ఇక్కడ తాగడానికి 20 ఏళ్లు నిండాలి.

నన్నడిగితే మొదటి హనామి మా పేటలోనే చేసుకోండి. నిషి-కసాయి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో షిన్‌కావా అనే పాత కాలువ ఉంది. రెండు గట్లా చెర్రీ చెట్లు, మధ్యమధ్య చెక్క వంతెనలు, ఒకచోట పాతకాలపు నమూనాలో కట్టిన నిప్పు కావలి బురుజు. పర్యాటకులు దాదాపు రారు. పిల్లల్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకున్న తల్లులూ, కుక్కల్ని తిప్పే ముసలివాళ్లూ కనిపిస్తారు. మీ అరుపులకు కాస్త తలతిప్పి చూస్తారేమో, అంతే.

పడవ సరదా ఉంటే ఇనోకషిరా పార్కు. హంస ఆకారపు తొక్కుడు పడవల మీద పూల కొమ్మల కిందకు పోవచ్చు. చెరువు ఒడ్డున బెంజైతెన్ గుడి ఉంది. ఆవిడ బౌద్ధంతో పాటు ఇక్కడికి వచ్చిన మన సరస్వతే, చేతిలో వీణకు బదులు బివా అనే వాద్యం ఉంటుంది. జంటగా పడవెక్కితే అమ్మవారికి అసూయ పుట్టి విడదీస్తుందని ఇక్కడ ఒక నమ్మకం. మీలో పెళ్లి కుదిరిన అమ్మాయి కాబోయే భర్తను కూడా రమ్మంటోందన్నావు. వాళ్లిద్దరినీ వేర్వేరు పడవల్లో ఎక్కించండి, ఎందుకొచ్చిన గొడవ.

తిండి విషయంలో జాగ్రత్త. మీలో ఇద్దరు శాకాహారులు కదా. ఇక్కడ శాకాహారంగా కనిపించే దాన్లో కూడా చేప ఉంటుంది. ఎండబెట్టిన చేప తరుగుతో కాచిన దాషి అనే రసం లేకుండా చాలా వంటలు చేయరు. అన్నం కూరిన ఇనారి సంచుల్లో కనబడేది సోయా పన్నీరే, దాన్ని ఉడికించింది మాత్రం ఆ రసంలోనే. కాబట్టి వాళ్లిద్దరి కోసం నేను పులిహోర కలిపి ఇస్తాను. వేడిచేయనక్కర్లేదు, చెయ్యి జిడ్డు కాదు, సాయంత్రం దాకా పాడవదు. ఇక్కడి బియ్యం ముద్దకడుతుంది, మా పేట భారతీయ దుకాణంలో సోనా మసూరి తెచ్చి ఉంచుతాను. తక్కినవాళ్లు డిపార్ట్‌మెంట్ స్టోర్ల నేలమాళిగలో బెంటో అనే భోజనం డబ్బాలు కొనుక్కోండి. సాయంత్రం మూసే వేళకు ధర తగ్గిస్తారు. మిఠాయిల్లో గులాబి, తెలుపు, ఆకుపచ్చ ఉండలు పుల్లకు గుచ్చి అమ్మే దాంగో, ఉప్పులో ఊరిన చెర్రీ ఆకు చుట్టిన సకురామోచి తినండి. ఆకు తీసేయకండి, దానితోనే కొరికితే తీపికి ఉప్పు తగిలి అసలు రుచి తెలుస్తుంది. సకురామోచి టోక్యోలో పలుచని అట్టులా చుట్టి ఉంటుంది, క్యోటోలో బియ్యపు పలుకులు తెలిసే ముద్దలా ఉంటుంది. నాకు క్యోటోదే ఇష్టం. టోక్యోలో ఇన్నేళ్లుగా ఉంటూ ఇలా అనకూడదేమో.

షీటు వంద యెన్‌ల దుకాణంలో దొరుకుతుంది, పెద్దది కొనండి. చెట్టు వేళ్ల మీద పరచకూడదు. వేళ్లు అణిగితే చెట్టు నీరసిస్తుంది. కొమ్మ వంచి ఫోటో దిగడం, పూలు రాలడానికి చెట్టు ఊపడం అసలే వద్దు. మనిషి లేకుండా వదిలేసిన షీటును చాలా పార్కుల్లో తీసేస్తారు, కాబట్టి పొద్దునే ఒకరు వెళ్లి కూర్చోవాలి. ఆ పని రోజుకొకరు పంచుకోండి, ఎప్పుడూ నువ్వే వెళ్లకు. షీటు ఎక్కేముందు చెప్పులు విప్పాలి. కాబట్టి అందరూ చిరుగు లేని మేజోళ్లు వేసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, బొటనవేలు బయటికొచ్చాక అర్థమవుతుంది.

చలిని తక్కువ అంచనా వేయకండి. ఫోటోల్లో ఎండ కనిపిస్తుంది, గాలి కనిపించదు. పూల కాలంలో ఒక్కసారి చలి తిరగబడుతుంది, పగలు 15 డిగ్రీలున్న రోజున రాత్రి ఏడెనిమిదికి దిగుతుంది. అంతకన్నా నేల చల్లదనం షీటులోంచి నడుముకు ఎక్కుతుంది. షీటు కింద అట్టపెట్టె విప్పి పరవండి. కన్వీనియన్స్ స్టోర్లలో కైరో అనే వేడి పొట్లాలు అమ్ముతారు, జేబులో ఒకటి వేసుకుంటే గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. చీరలు కట్టుకుని ఫోటోలు దిగుతామన్నారు. కట్టుకోండి, లోపల థర్మల్ దుస్తులు వేసుకుని మరీ.

ఆడపిల్లలు కాబట్టి సంకోచం లేకుండా రాస్తున్నాను. పూల పార్కుల్లో మరుగుదొడ్డి దగ్గర వరుస అరగంట ఉంటుంది. అవసరం వచ్చాక లేవకండి, వరుస చిన్నగా కనిపించినప్పుడే లేవండి. లేదా వచ్చే దారిలో స్టేషన్లో వెళ్లి రండి. చేతులు తుడుచుకునే కాగితం చాలా చోట్ల ఉండదు, చిన్న తువ్వాలు సంచిలో పెట్టుకోండి. చెత్తడబ్బాలు కూడా తక్కువే. 1995లో టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయువు దాడి తర్వాత చాలా చోట్ల తీసేశారు. రెండు మూడు సంచులు తెచ్చుకుని సీసాలు, డబ్బాలు, మిగతా చెత్త విడిగా మూటకట్టి గదికి తెచ్చుకోండి.

క్యోటోలో ఆలయాల మధ్య పరుగులు పెట్టకండి. ఒక రోజు కామొ నది గట్టుకు ఇవ్వండి. దెమాచియనాగి దగ్గర రెండు నదులు కలిసేచోట నీటిలో తాబేలు ఆకారపు రాళ్లున్నాయి, వాటి మీదుగా అవతలి గట్టుకు దాటవచ్చు. ఎగువకు నడిస్తే వృక్షోద్యానం పక్కన కొమ్మలు నేలకు వేలాడే చెర్రీల పందిరి వస్తుంది. అక్కడ పూత కాస్త ఆలస్యం, మీ చివరి రోజులకు సరిపోవచ్చు. అయితే నది ఒడ్డున గద్దలతో జాగ్రత్త. వెనుక నుంచి చప్పుడు లేకుండా దిగి చేతిలోని రొట్టెను వేళ్ల నడుమ నుంచి లాక్కుపోతాయి. హెచ్చరిక బోర్డులున్నా జనం బిత్తరపోతూనే ఉంటారు. చెట్టుకు వీపు ఆనించుకుని, తింటున్నదాన్ని ఒడికి దగ్గరగా పెట్టుకోండి. గియోన్ వీధుల్లో మైకోల, అంటే గైషా విద్య నేర్చుకుంటున్న అమ్మాయిల వెంట కెమెరాలతో పడకండి. ప్రైవేటు సందుల్లోకి పర్యాటకుల ప్రవేశాన్ని 2024లో నిషేధించారు.

రైలు పాసు కొనవద్దు. జపాన్ రైల్వేల ఏడు రోజుల జేఆర్ పాసు ధరను 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్‌లకు పెంచారు. టోక్యో నుంచి క్యోటోకు షింకాన్‌సెన్ అనే బులెట్ రైలుకు ఒక వైపు దాదాపు 14,000. రానూపోనూ లెక్క వేసుకుంటే పాసు దండగ అని నీకే తెలుస్తుంది. ఊరిలో తిరగడానికి డబ్బు నింపుకుని వాడుకునే సుయికా కార్డు చాలు. పెద్ద పెట్టెలను హోటల్ నుంచి హోటల్‌కు పంపే సేవ ఉంది, మర్నాటికి చేరుస్తారు. రాత్రి పూలు చూస్తూ చివరి రైలు మరిచిపోవద్దు. అర్ధరాత్రి దాటితే టాక్సీయే గతి.

స్నేహితుల మధ్య మనస్పర్థలు వచ్చేది డబ్బు దగ్గరా నిద్ర దగ్గరా. ఖర్చు ఒకరే రాసి, ఏ రోజుకారోజు రాత్రి పడుకునేముందు తేల్చేసుకోండి. వంద యెన్‌లేగా అని వదిలేసినవే పదో రోజుకు మాటలవుతాయి. ఒక మధ్యాహ్నం ఎవరి దారిన వాళ్లు తిరిగి, సాయంత్రం షీటు దగ్గర కలుసుకునేలా పెట్టుకోండి. ఎవరికైనా ఆ రోజు గదిలో పడుకోవాలనిపిస్తే బతిమాలకండి.

ఇక సామాను. కోడి పచ్చడి తేవచ్చా అని అడిగావు. వద్దు. తనిఖీ ధ్రువపత్రం లేని మాంసం ఏ రూపంలో ఉన్నా జపానులోకి రానివ్వరు, వాసన పట్టే కుక్కలు సామాను బెల్టు దగ్గరే తిరుగుతుంటాయి. కరివేపాకు, పచ్చిమిర్చి, పండ్లు కూడా వదిలేయండి. ఆవకాయ సీలు వేయించి పెద్ద పెట్టెలో పెట్టుకోండి. ఆ రోజుల్లో జపాన్ సెడార్ అని పిలిచే సుగి చెట్ల పుప్పొడికి ఇక్కడ సగం ఊరు తుమ్ముతూ ఉంటుంది, మీకూ ముక్కు కారవచ్చు. అలాగని మన జలుబు మాత్రలు తేకండి. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించినవి ఇక్కడ నిషిద్ధం. మాస్కులూ మందులూ ఇక్కడే కొందాం.

దిగేది నరితాలోనా హనెదాలోనా ఖరారు కాగానే రాయి. ఆ రాత్రికి మా ఇంట్లోనే భోజనం. మర్నాడు పొద్దున షీటు పరిచే వంతు ఎవరిదో విమానంలోనే తేల్చుకుని రండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ