కోటకు దయ్యం పడుతుందా?

సందేహం: స్కాట్లాండ్ జానపద కథలను పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. 'దయ్యం పట్టిన కోట' అని రాస్తే మా నాన్నగారు "అదేం తెలుగురా" అన్నారు. తప్పేమిటి? గుర్రంలా కనిపించి మోసం చేసే కెల్పీని 'నీటిగుర్రం' అనవచ్చా? రాత్రిపూట మిణుకుమనే స్పంకీ అనేదానికి తెలుగుమాట ఉందా? రాసినదాంట్లో ఒక పేజీ జతచేశాను, చూడగలరు.

సమాధానం: మీ నాన్నగారిదే రైటు. దయ్యం పట్టేది మనిషికి. పట్టినవాడు జుట్టు విరబోసుకుని ఊగుతాడు, మరెవరి గొంతుతోనో మాట్లాడతాడు, వేపమండలు తెచ్చి వదిలిస్తారు. కోటకు బూజు పట్టవచ్చు, నాచు పట్టవచ్చు, దయ్యం మాత్రం పట్టదు. కోటలో దయ్యం ఉంటుంది, తిరుగుతుంది, కాపురం పెడుతుంది. 'దయ్యాల కోట' అంటే సరిపోతుంది. ఇల్లయితే 'దయ్యాల కొంప' అని మనకు ఎటూ ఉంది.

మీరు రాసిన కోట పేరు కూడా చూసుకోండి. ఇంగ్లిషు అక్షరాలను బట్టి 'గ్లామిస్' అని రాశారు, అక్కడివాళ్లు పలికేది 'గ్లామ్స్'. ఆ కోట ప్రార్థనాలయంలో కనిపిస్తుందని చెప్పే బూడిదరంగు దుస్తుల ఆవిడను జానెట్ డగ్లస్ అంటారు. రాజు ఐదో జేమ్స్ మీద కుట్ర పన్నిందని 1537లో ఎడిన్‌బరోలో ఆమెను సజీవంగా కాల్చేశారు. ఈవిడను దయ్యం అనడానికి అభ్యంతరం లేదు, ఎందుకంటే మన వాడుకలో దయ్యం అంటే ఒకప్పుడు బతికి చచ్చినవాళ్లే. "చచ్చి దయ్యమై పీడిస్తా" అనే బెదిరింపు వినే ఉంటారు. (దయ్యం, దెయ్యం రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదైనా రాయండి. మాట మాత్రం 'దైవం' నుంచి వచ్చిందే. తమిళంలో దెయ్‌వం ఇప్పటికీ దేవుడే. కన్నడంలో దెవ్వ, మన దయ్యం కిందికి జారాయి.)

కెల్పీ సంగతి వేరు. అది ఎప్పుడూ మనిషి కాదు. ఏటి ఒడ్డున సాధువైన గుర్రంలా నిలబడుతుంది, పిల్లలు ముచ్చటపడి ఎక్కగానే చేతులు దాని చర్మానికి అతుక్కుపోతాయి, అమాంతం నీళ్లలోకి లాక్కుపోతుంది. ఒక కథలో వేలు అతుక్కున్న కుర్రాడు ఆ వేలు కోసేసుకుని బయటపడతాడు. ఇలాంటిదానికి 'భూతం' నప్పుతుంది. అల్లావుద్దీన్ దీపంలోంచి వచ్చేది భూతమేగాని దయ్యం కాదు కదా!

'నీటిగుర్రం' మీకెక్కడ దొరికిందో ఊహించగలను. చెరువుల్లో, సముద్రంలో ఉండే కెల్పీ చుట్టానికి స్కాట్లాండ్‌లోని గేలిక్ భాషలో ఉన్న పేరుకు అర్థం అదే. (ఆ పేరులోని 'నీళ్లు' అనే మాటే విస్కీలోనూ ఉంది.) కానీ తెలుగు పిల్లలకు నీటిగుర్రం అంటే జూలో నోరు తెరుచుకుని పడుకునే హిప్పోపొటమస్. భయపడాల్సినచోట నవ్వుతారు. కెల్పీ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'గుర్రం వేషంలో వచ్చే ఏటి భూతం' అనండి.

స్పంకీకి మాత్రం మీరు వెతుక్కోనక్కర్లేదు. అక్కడి స్కాట్స్ భాషలో స్పంక్ అంటే నిప్పురవ్వ. రాత్రిపూట బురదనేలల మీద మిణుకుమంటూ కనిపించే వెలుగు అది. పొద్దుపోయాక తాగి ఇంటికెళ్లేవాడిని స్పంకీలు దారి తప్పించి గుంటలో దింపుతాయని స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ కూడా రాశాడు. పొలాల్లో దూరంగా ఎవరో కొరివి పట్టుకుని నడుస్తున్నట్టు కనిపించేదాన్ని మన పల్లెల్లో ఏమంటారు? కొరివిదయ్యం. ఇక్కడ కొరివి, అక్కడ రవ్వ. ఇంత చక్కగా కుదిరే జోడీ అనువాదకుడికి అరుదుగా దొరుకుతుంది, వదులుకోకండి.

మీరు అడగనిది ఒకటి. ఫ్లానన్ దీవుల లైట్‌హౌస్ కథలో అన్ని వాక్యాలూ 'ఉంది', 'జరిగింది' అని ముగించారు. తెలుగులో 'ట' అనే ఒక్క అక్షరం ఉంది, విన్నమాటకూ రూఢి అయినదానికీ మధ్య గీత గీస్తుంది. 1900 డిసెంబరులో ముగ్గురు కాపలాదారులు మాయమయ్యారు. ఇది జరిగింది, 'ట' వద్దు. ముట్టని భోజనం, కిందపడ్డ కుర్చీ మాత్రం 1912లో వచ్చిన ఒక పద్యంతో ప్రచారమయ్యాయి. అప్పటి నివేదిక ప్రకారం వంటగది శుభ్రంగా సర్ది ఉంది. కాబట్టి ఇలా రాసి చూడండి: "బల్ల మీద భోజనం ముట్టకుండానే ఉందట, కుర్చీ కిందపడి ఉందట. ముగ్గురిలో ఒకడి కోటు మాత్రం నిజంగానే అక్కడ ఉండిపోయింది."