చంటీ అని ఎవరు పిలవాలి?

విజయవాడ

అమ్మాయీ,

నీ కథ అందింది. బ్రాడీపేట మేడ మీద మామ్మా మనవడూ మాట్లాడుకునే చోటు రెండుసార్లు చదువుకున్నాను. గుంటూరు చక్కగా పలికింది. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను: "ఆ చంటిపిల్లాడు బడిసంచీ తగిలించుకుని మెట్లు దిగాడు." బడికెళ్ళేవాడు చంటిపిల్లాడెలా అవుతాడమ్మా?

మాట పుట్టుక చూడు. కన్ను కంటి అయినట్టు, పన్ను పంటి అయినట్టు, చన్ను చంటి అయింది. ఇలాంటి మార్పులో మాట చివర వచ్చే ఇ, టి, తి అక్షరాలనే 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఔపవిభక్తికాలన్నాడు. చంటిబిడ్డంటే చన్ను కుడిచే బిడ్డ. బిడ్డ ఎంతవాడో చెప్పడానికి మన ఆడవాళ్ళకు నెలలు లెక్కపెట్టే పనే లేదు. పొత్తిళ్ళలో ఉన్నాడు, చంటాడు, పాకుతున్నాడు, తప్పటడుగులేస్తున్నాడు అంటే చాలు.

అయితే ఆ మాట అక్కడే ఉండిపోలేదు. కంటిలో కన్ను ఇప్పటికీ వినిపిస్తుంది, చంటిలో చన్ను మాత్రం ఇప్పుడెవరికీ వినిపించదు. అందుకే నలుగురిలో చన్ను అనడానికి సిగ్గుపడే పెద్దావిడ కూడా "చంటాడికి పాలు పట్టావా?" అని వీధిలోంచి కేకేస్తుంది. అవి సీసాలో పోసిన డబ్బాపాలైనా వాడు చంటాడే. వెనక తమ్ముడో చెల్లెలో పుట్టినా ఇంట్లో ఆ పిలుపు పోదు, పేరై స్థిరపడుతుంది. మా బెజవాడలో మీసాలు నెరిసిన చంటిగార్లున్నారు. పెళ్ళిపత్రికలో అసలు పేరు పక్కన బ్రాకెట్లో 'చంటి' అని వేస్తేగానీ చుట్టాలకు పెళ్ళికొడుకెవరో తెలియని ఇళ్ళున్నాయి. తల్లి పెట్టిన ముద్దుపేరుకు ఊరంతా 'గారు' చేర్చి పిలవడం నాకెంతో ఇష్టం.

ఇప్పుడు నీ కథ. మామ్మ "చంటీ, ఇట్రా" అంటే ఒప్పే. వాడికి పదేళ్ళొచ్చినా ముప్ఫై వచ్చినా ఆవిడకు ఆ హక్కుంది. కథ చెప్పే గొంతుకు లేదు. పిలుపులో ఆ మాటకు వయసుతో పని లేదుగానీ, వర్ణనలో ఇంకా పాలు తాగే వయసునే చెబుతుంది. అక్కడ 'పిల్లాడు' చాలు.

ఇంకొకటి. పక్కవాటా వాళ్ళది శ్రీకాకుళం అన్నావు, ఆ ఇల్లాలి నోట కూడా 'చంటాడు' పెట్టావు. ఆ వైపు పిల్లాణ్ణి గుంటడంటారు, ఆడపిల్లను గుంట అంటారు. మనకేమో గుంట అనగానే గొయ్యి గుర్తొస్తుంది. "మా గుంట ఏడుస్తోంది" అని ఆవిడ అంటే మామ్మ తెల్లబోయి చూడనీ. రెండిళ్ళ మధ్య స్నేహం అక్కణ్ణుంచి మొదలుపెట్టవచ్చు. ఇప్పుడున్న ఉప్పు అప్పు అడిగే సన్నివేశం కన్నా ఇదే నాకు నచ్చుతుంది.

శబ్దరత్నాకరం నిఘంటువు దగ్గర పెట్టుకో. అర్థం అందులో దొరుకుతుంది. ఏ మాట ఎవరు ఎవరితో అంటారో తెలియాలంటే మాత్రం గుంటూరు నుంచి ఇటొచ్చే బస్సులో పిల్లల తల్లుల పక్కన కూర్చుని వినాలి.

మూడో పేజీ మార్చి పంపించు. మామ్మ మాటల జోలికి మాత్రం వెళ్ళకు.

ఆశీస్సులతో.