అప్పు చేసి ఆడించాలా?

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు. బ్యాడ్మింటన్ బాగా ఆడుతుంది. ఎంట్రీ ఫీజులు, రైలు టిక్కెట్లు, లాడ్జీలకే కొబ్బరి దింపు డబ్బులన్నీ అయిపోతున్నాయి. ఈసారి అప్పు చేయమంటారా?
– ఓ తల్లి, రాజోలు

జవాబు: అప్పు మాత్రం వద్దమ్మా. ఏళ్ల తరబడి పిల్లలకు ఆట నేర్పినవాణ్ని, చెబుతున్నాను. ప్రయాణాలతో పాటు డబ్బు తినేసేది షటిల్సే. 16 ఈకల్లో ఒక్కటి విరిగినా అది వంకరగా పోతుంది, పక్కన పడేయాల్సిందే. డ్రిల్స్‌కు పాతవే వాడమని కోచ్‌ను అడగండి. బ్యాడ్మింటన్ స్టార్ సాత్విక్‌సాయిరాజ్ మన అమలాపురం కుర్రాడే కదా అని పాపను ప్రతి టోర్నమెంటుకూ తిప్పకండి. జిల్లా పోటీలు, స్కూల్ గేమ్స్ వదలొద్దు. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాలో అథ్లెట్‌గా ఎంపికైతే నెలకు 10,000 రూపాయలు చేతిఖర్చుకు ఇస్తారు. పాప ముందు మాత్రం ఖర్చు లెక్కలు తీయకండి. ఆ టెన్షన్‌తో పిల్ల కోర్టులో బిగుసుకుపోతుంది.